మైదానంలో వేడెక్కని ఇంజన్ ఘాటులో మాత్రం వేడెక్కుతోంది, హీటరు కూడా సరిగా పనిచేయడం లేదు: కారణం ఏమై ఉంటుంది?

తుంగభద్ర తీరం (కర్నూలు)

సభ్యులందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్. రెండో యజమానిగా కొన్నాను. ఉద్యోగరీత్యా కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు, అక్కడి నుంచి గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటికి తరచూ వెళ్లి వస్తుంటాను. ఈ చలికాలంలో బండిలో ఒకదానితో ఒకటి పొసగని రెండు లక్షణాలు కనిపిస్తున్నాయి.

తెల్లవారుజామున బయలుదేరి నంద్యాల దాటే వరకు హీటరు నుంచి గోరువెచ్చటి గాలి తప్ప వేడిగాలి రాదు. అద్దానికి లోపలివైపు పట్టిన ఆవిరి తొలగిపోవాలంటే ఆ గాలే ఆధారం కనుక ఇది సౌకర్యానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు, ఎదుటి దారి కనిపించడానికి సంబంధించినది కూడా. ఉష్ణోగ్రత చూపే ముల్లు కూడా సగానికి చాలా కిందనే ఉండిపోతుంది. అదే బండి నలుగురితో, సామానుతో గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు సగం దాటి ఎర్రగీత వైపు పోతుంది. డ్యాష్‌బోర్డు వెనుక నుంచి గుడగుడమని నీళ్లు కదిలే చప్పుడు వస్తుంది. కూలంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం కొద్దికొద్దిగా తగ్గుతోంది గానీ, బండి నిలిపిన చోట నేలమీద ఒక్క చుక్క కూడా కనిపించదు.

మా వీధి చివరి షెడ్డులో చూపించగా, థర్మోస్టాట్ తీసేస్తే వేడి సమస్య పోతుందని, రాయలసీమ ఎండలకు అది అవసరమే లేదని చెప్పారు. ఆ పనికి ఒప్పుకునే ముందు మీ అభిప్రాయం తెలుసుకోవాలనుకుంటున్నాను.

కడప క్యాబ్

గువ్వలచెరువు ఘాటులో బండి నడపడమే నా వృత్తి. అక్కడ లారీల వెనుక రెండో గేరులో నెమ్మదిగా ఎక్కాల్సి వచ్చినప్పుడు ఎదురుగాలి తగలదు, ఇంజన్ మీద భారం మాత్రం పూర్తిగా ఉంటుంది. ఏ బండికైనా అసలు పరీక్ష అదే. ముల్లు పైకి పోతున్నట్లు కనిపిస్తే వెంటనే ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, బ్లోయరును గరిష్ఠ వేగంలో పెట్టి, అద్దాలు దించండి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కనుక ఇంజన్ వేడిలో కొంత భాగాన్ని అది బయటికి లాగుతుంది. కోవా అంగళ్ల దగ్గర బండి నిలిపి బానెట్ తెరిచిన వెంటనే రేడియేటర్ మూత తిప్పి, చేతులు, ముఖం కాల్చుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. కనీసం అరగంట ఆగకుండా ఆ మూత జోలికి పోవద్దు.

థర్మోస్టాట్ విషయంలో మీ మేస్త్రీ చెప్పింది పూర్తిగా తప్పని నేను అనలేను. మా స్టాండులో చాలా పాత బండ్లకు అది లేదు, అవి బాగానే తిరుగుతున్నాయి.

అనంత వర్క్‌షాప్

కడప క్యాబ్ గారు చెప్పిన జాగ్రత్తలు అక్షరాలా నిజం. వాటికి ఒక్క మాట చేర్చాలి. హీటరు పూర్తి వేడిలో పెట్టినా, ముల్లు ఎర్రగీత దగ్గర ఉన్నా చల్లగాలే వస్తున్నదంటే హీటరు దాకా కూలంట్ చేరడం లేదని అర్థం. అప్పుడు ఒక్క నిమిషం కూడా నడపకుండా ఇంజన్ ఆపేయాలి. హీటరు నుంచి వేడిగాలి వస్తూ, ఆవిరి ఎక్కడా ఎగదన్నకుండా, ఫ్యాను తిరుగుతూ ఉంటే మాత్రం బండిని పక్కకు తీసి, ఇంజన్‌ను కాసేపు న్యూట్రల్‌లో నడవనివ్వడమే మంచిది. ఎందుకంటే ఆపిన మరుక్షణం పంపు ఆగిపోయి వేడి ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌లోనే నిలిచిపోతుంది.

థర్మోస్టాట్ తీసేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. కేసీ కెనాల్ తూముకు తలుపు ఎలాంటిదో ఇంజన్‌కు థర్మోస్టాట్ అలాంటిది. అందులోని మైనం సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య కరగడం మొదలుపెట్టి, వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. అంతకు ముందు కూలంట్ ఇంజన్‌లోనూ హీటరులోనూ మాత్రమే తిరుగుతుంది, తరువాత రేడియేటర్‌కు పోతుంది. మీరు చెప్పిన మొదటి లక్షణం, అంటే మైదానంలో వేడెక్కకపోవడం, కవాటం మూసుకోకుండా ఉండిపోయిందని సూచిస్తోంది. రెండో లక్షణానికి కారణం వేరే ఉండాలి. రెండింటినీ ఒకే ముడి వేయకుండా విడివిడిగా చూద్దాం.

మీరు కొలిచి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. బండి కంప్యూటరు చెప్పే అంకెలను చదివే స్కానరులో కూలంట్ ఉష్ణోగ్రత ఎంత చూపుతోంది? ఫ్యాను ఎన్ని డిగ్రీల దగ్గర మొదలవుతోంది? ఏసీ వేసినప్పుడు ఫ్యాను తిరుగుతోందా? రాత్రంతా నిలిపిన బండిని ఉదయం స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పైహోసు గట్టిపడుతోందా?

తుంగభద్ర తీరం (కర్నూలు)

చిన్న బ్లూటూత్ స్కానరు తగిలించి చూశాను. వేకువన కర్నూలు నుంచి నంద్యాల వరకు నిలకడైన వేగంలో ఉష్ణోగ్రత 62 నుంచి 68 డిగ్రీల మధ్యే ఉంది. కంప్యూటరులో పీ0128 అనే కోడ్ నిలిచి ఉంది. ఘాటు మధ్యలో 108 డిగ్రీలు చూపింది. ఫ్యాను 98 దగ్గర మొదలవుతోంది, ఏసీ వేసినా తిరుగుతోంది. ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే హోసు మెత్తగానే ఉంటోంది. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు హీటరు గాలి చల్లబడుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే కాస్త వెచ్చబడుతుంది.

ఆటోమొబైల్ అధ్యాపకుడు (కడప)

తుంగభద్ర తీరం గారు ఇచ్చిన అంకెలు సమస్యను చాలావరకు విప్పాయి. అయితే ఆ అంకెలను నమ్మే ముందు, వాటిని చెబుతున్న సెన్సరు నిజం చెబుతున్నదో లేదో చూసుకోవాలి. రాత్రంతా నిలిచిన బండిలో ఉదయం ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రమే తిప్పి, స్కానరులో కూలంట్ ఉష్ణోగ్రతను, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన చూడండి. రెండూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉంటే సెన్సరును ప్రాథమికంగా నమ్మవచ్చు. ఇంకా అనుమానం ఉంటే ప్లగ్గు తీసి మీటరుతో నిరోధం కొలవాలి. చాలా కార్లలో వాడే రకం సెన్సరు 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓంలు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓంలు చూపుతుంది. వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. అందుకే తీగ తెగితే కంప్యూటరుకు ఇంజన్ మంచుగడ్డలా చల్లగా ఉన్నట్లు కనిపించి పీ0118 వస్తుంది, తీగ భూమికి తగిలితే విపరీతమైన వేడిలా కనిపించి పీ0117 వస్తుంది. మీకు ఈ రెండూ రాలేదు. వచ్చినది పీ0128. థర్మోస్టాట్ నిలపాల్సిన స్థాయికి ఉష్ణోగ్రత చేరడం లేదని ఆ కోడ్‌కు అర్థం.

ముల్లు గురించి కూడా ఒక మాట. చాలా కార్లలో ముల్లు అసలు ఉష్ణోగ్రతను ఉన్నదున్నట్లుగా చూపదు. సుమారు 75 నుంచి 105 డిగ్రీల వరకు అది సగం దగ్గరే నిలిచేలా తయారీలోనే అమర్చుతారు. అంటే ముల్లు సగం దాటి కదిలిందంటే ప్రమాదం అప్పటికే దగ్గరపడినట్లు. ఇప్పటి చిన్న కార్లలో కొన్నింటికి ఆ ముల్లు కూడా లేదు. చల్లగా ఉంటే నీలిదీపం, మితిమీరితే ఎర్రదీపం, అంతే. 2013 ఏప్రిల్ తరువాత మన దేశంలో వచ్చిన కార్లలో ఓబీడీ-2 (బండి లోపాలను తానే కనిపెట్టి కోడ్‌లుగా చూపే వ్యవస్థ) ఉంటుంది కనుక, ఘాటు రోడ్లలో తిరిగేవారు కొద్ది ఖర్చుతో దొరికే స్కానరు ఒకటి ఉంచుకోవాలని నా సలహా.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటుంది. సెన్సరు కొన కూలంట్‌లో మునిగి ఉన్నంతవరకే దాని మాట చెల్లుతుంది. మట్టం బాగా పడిపోయి ఆ కొన గాలిలో తేలితే, లోపల హెడ్ కాలిపోతున్నా అంకె మామూలుగానే కనిపించవచ్చు. మీ డబ్బాలో మట్టం తగ్గుతున్నది కనుక, కారణం తేలే వరకు ఘాటు ప్రయాణం మానుకోండి.

అనంత వర్క్‌షాప్

అధ్యాపకుడు గారికి ధన్యవాదాలు. ఇక హీటరు సంగతి. ఇంజన్ బాగా నడిచి వేడెక్కిన తరువాత, ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుపగోడలోకి పోయే రెండు హీటరు పైపులను గుడ్డ అడ్డం పెట్టుకుని పట్టి చూడండి. రెండూ చేయి పెట్టలేనంత వేడిగా ఉండి కూడా లోపల చల్లగాలే వస్తే, లోపం నీళ్లవైపు లేదు. గాలిని వేడివైపుకో చల్లవైపుకో మళ్లించే లోపలి తలుపు ఇరుక్కుపోయి ఉంటుంది, లేదా దాన్ని తిప్పే తీగో చిన్న మోటారో పాడై ఉంటుంది. ఒక పైపు వేడిగా, రెండోది చల్లగా ఉంటే హీటరు కోర్, అంటే హీటరులోని చిన్న రేడియేటర్, పూడుకుపోయి ఉంటుంది, లేదా అందులో గాలి చిక్కుకుని ఉంటుంది. రెండూ గోరువెచ్చగానే ఉంటే కూలంటే వేడెక్కడం లేదని అర్థం. న్యూట్రల్‌లో చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చబడుతోందంటున్నారు కదా. గుడగుడ చప్పుడుతో కలిపి చూస్తే అది మట్టం తగ్గి గాలి చేరినదానికి గుర్తు. హీటరు కోర్ సాధారణంగా ఎత్తులో ఉంటుంది కనుక గాలి మొదట అక్కడే చేరుతుంది.

కూలంట్ ఎక్కడికి పోతోందో తేల్చడానికి చల్లని ఇంజన్‌కు చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూడాలి. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి, ఎక్కువ కార్లలో 0.9 నుంచి 1.1 బార్ వరకు ఉంటుంది, అంతవరకే ఎక్కించి పావుగంట వదిలేయాలి. పంపు మీటరు ముల్లు దిగుతూంటే కూలంట్ ఎక్కడో కారుతున్నట్లు. అదే పంపుతో మూతను కూడా పరీక్షించండి. ఒక బార్ అదనపు ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. మూత ఒత్తిడి నిలపలేకపోతే ఆ రక్షణ పోతుంది, వంద దాటగానే మరగడం మొదలవుతుంది. ఇంజన్ చల్లారాక హోసు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే మూతలోని రెండో కవాటం, అంటే డబ్బా నుంచి కూలంట్‌ను వెనక్కి రానిచ్చేది, మూసుకుపోయిందని గ్రహించండి.

ఉదయం హోసు వెంటనే గట్టిపడకపోవడం మంచి గుర్తే, అయినా హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే అతుకు పొర) పాడైందన్న అనుమానాన్ని కూడా కొట్టేయాలి. డబ్బా మూతి దగ్గర పరీక్ష ద్రవం పెట్టి ఆవిరిని దాని గుండా లాగితే, దహన వాయువులు ఉన్నప్పుడు దాని రంగు మారుతుంది. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లని పదార్థం కనిపించిందని కంగారుపడి కొందరు హెడ్ విప్పించేస్తారు. తక్కువ దూరాలు తిరిగే, సరిగా వేడెక్కని ఇంజన్‌లో తేమ చేరినా అలాగే కనిపిస్తుంది. ఆ ఒక్క గుర్తుతో ఇంజన్ విప్పవద్దు.

ధర్మవరం నేత

నాది దీనికి దగ్గరి సమస్యే కనుక ఇక్కడే అడుగుతున్నాను. గత వేసవిలో ఏసీ గ్యాసు సరిగానే ఉన్నా గాలి చల్లగా రాలేదు. కంప్రెసర్ బాగుందన్నారు.

అనంత వర్క్‌షాప్

మీ బండిలో హీటరు పైపు మీద చిన్న ట్యాపు ఉందేమో చూడండి. చల్లటి స్థానంలో కూడా అది పూర్తిగా మూసుకోకపోతే వేడి కూలంట్ కోర్‌లోకి పారుతూనే ఉండి ఏసీ చల్లదనాన్ని చంపేస్తుంది. ట్యాపు లేని బండిలో అయితే గాలి తలుపు పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి. ఏసీ నడుస్తుండగా రెండు హీటరు పైపులనూ కాసేపు బిగింపుతో మూసి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

తుంగభద్ర తీరం (కర్నూలు)

మీరు చెప్పిన పరీక్షలన్నీ వేరే షెడ్డులో, దగ్గరుండి చేయించాను. సెన్సరు ఉదయం గాలి ఉష్ణోగ్రతతో సరిగ్గా కలిసింది. పరీక్ష ద్రవం రంగు మారలేదు. మూత ఒత్తిడి నిలిపింది. హీటరు పైపులు రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి, లోనికి పోయేదానికంటే తిరిగి వచ్చేది మరికొంచెం చల్లగా ఉంది.

ఒత్తిడి పరీక్షలో ముల్లు నెమ్మదిగా దిగింది. చాలాసేపు వెతికినా కింద తడి కనిపించలేదు. బెల్టువైపు ప్లాస్టిక్ కవరు విప్పి టార్చి వేసి చూస్తే, వాటర్ పంపు కిందివైపు ఉన్న చిన్న రంధ్రం నుంచి ఇంజన్ గోడ మీదుగా గులాబీ రంగు చార ఒకటి ఎండిపోయి, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. వేలితో గీకితే పొడిగా రాలింది. కారిన కూలంట్ అంతా వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతూ నేలకు చేరలేదన్నమాట.

అసలు విశేషం ఇక్కడ ఉంది. థర్మోస్టాట్ మార్చడానికి దాని గూడు విప్పితే లోపల థర్మోస్టాటే లేదు. గాస్కెట్ మాత్రం వేసి మూసేశారు. ఏది తీసేస్తే సమస్య పోతుందన్నారో అది నేను కొనక ముందే ఎవరో తీసేశారు.

ఆటోమొబైల్ అధ్యాపకుడు (కడప)

దీనితో మైదానంలోని 62 డిగ్రీలకు కారణం దొరికింది. తక్కువ భారంలో డీజిల్ ఇంజన్ పుట్టించే వేడే తక్కువ. ఆ కాస్త వేడినీ వేకువ గాలిలో రేడియేటర్ అడ్డూఆపూ లేకుండా బయటికి పారబోస్తోంది.

ఘాటులో 108కి కూడా అది లేకపోవడం కొంత కారణం కావచ్చు. చాలామంది గమనించని సంగతి ఇది. అనేక ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులుంటాయి. రేడియేటర్ దారి తెరిచేటప్పుడే, ఇంజన్‌లోకే తిరిగిపోయే అడ్డదారిని అది తన కింది పళ్లెంతో మూసేస్తుంది. దాన్ని తీసేస్తే అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. పంపు నెట్టిన కూలంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వెళ్లిపోతుంది. చల్లదనం కోసం తీసిన వస్తువు, భారం పడినప్పుడు వేడికే కారణమవుతుంది.

కడప క్యాబ్

అధ్యాపకుడు గారి వివరణ నాకు కొత్త విషయం చెప్పింది, కృతజ్ఞతలు. కానీ మా పాత బండ్లు ఏళ్ల తరబడి అలా తిరిగిన మాట కూడా వాస్తవమే కదా?

ఆటోమొబైల్ అధ్యాపకుడు (కడప)

వాస్తవమే. అడ్డదారి చాలా సన్నగా ఉన్న పాత ఇంజన్లలో, పెద్ద ఇత్తడి రేడియేటర్ ఉన్న బండ్లలో ఆ తేడా పైకి కనిపించదు. అరుగుదల మాత్రం లోపల జరుగుతూనే ఉంటుంది. 65 డిగ్రీల దగ్గర నడిచే ఇంజన్‌లో ఆయిల్ తగినంత పలచబడదు, అందులో చేరిన తేమ ఆవిరి కాదు, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో అయితే, ఇంజన్ పని ఉష్ణోగ్రతకు చేరకపోతే పొగగొట్టంలోని వడపోత తనను తాను శుభ్రం చేసుకోలేక మూసుకుపోతుంది. పాత అంబాసిడర్‌కు చెల్లిన పద్ధతి ఈ బండ్లకు చెల్లదు.

అనంత వర్క్‌షాప్

తుంగభద్ర తీరం గారూ, ఇంకా ఒకటి మిగిలి ఉంది. రేడియేటర్‌ను చూడకుండా పని ముగించకండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రేడియేటర్ ముఖమంతా పైనుంచి కిందికి, పక్కల నుంచి మధ్యకు కొలవండి. ఉష్ణోగ్రత క్రమంగా తగ్గుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా చల్లని మచ్చ తగిలితే అక్కడి గొట్టాలు పూడుకుపోయాయని అర్థం.

మా జిల్లాలో నా దగ్గరికి వచ్చే వేడి సమస్యల్లో ఎక్కువ భాగానికి మూలం బోరునీళ్లే. దారిలో మట్టం తగ్గిందని హోటలు కుళాయి నుంచో, పొలం బోరు నుంచో పోసేస్తారు. మన బోర్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగలగానే గట్టిపడి లోహానికి అంటుకుంటాయి. గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకునేది కూడా అదే. పైన ఆ పొర పలచగా ఉన్నా వేడి దాటిపోకుండా అడ్డుకుంటుంది. పాత ఇత్తడి రేడియేటర్ అయితే పైడబ్బా ఊడదీసి, గొట్టాల్లో చువ్వ దూర్చి శుభ్రం చేసి, తిరిగి మాటువేసేవాళ్లం. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్‌కు ప్లాస్టిక్ డబ్బాలు నొక్కి బిగించి ఉంటాయి. దానికి ఆ వైద్యం కుదరదు, ఆమ్లం పోస్తే గొట్టాలే తినేస్తుంది. బాగా పూడుకుపోతే మార్చడమే దారి. అత్యవసరమైతే శుద్ధి చేసిన తాగునీళ్ల సీసా ఒకటి పోసుకుని ఊరు చేరండి, చేరాక సరైన కూలంట్ నింపించండి.

తుంగభద్ర తీరం (కర్నూలు)

కొలిచి చూశాం. రేడియేటర్ కింది మూల, డ్రైవరు వైపు, చుట్టూ ఉన్న భాగంకంటే స్పష్టంగా చల్లగా ఉంది. విప్పి వంచితే తుప్పు రంగు బురదతో పాటు తెల్లని పెళుసు పెచ్చులు రాలాయి. రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ మూడూ మార్పించడానికి నిర్ణయించాను. ఏ కూలంట్ పోయించాలి, గాలి ఎలా తీయాలి అన్నది చెప్పగలరా?

ఆటోమొబైల్ అధ్యాపకుడు (కడప)

రంగు చూసి కొనవద్దు. ఆకుపచ్చ, గులాబీ, నీలం అన్నవి కంపెనీలు కలిపే రంగులే తప్ప ప్రమాణం కాదు. మీ బండి పుస్తకంలో రాసిన రకాన్నే తీసుకోండి. డబ్బా మీద ఐఎస్ 5759 గానీ జేఐఎస్ కె 2234 గానీ ఉందేమో చూడండి. వేర్వేరు రసాయనాల కూలంట్లు కలిపితే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి అదే కొత్త అడ్డంకి అవుతుంది. గాఢమైనది కొంటే డిస్టిల్డ్ వాటరుతో, పుస్తకం చెప్పిన పాళ్లలో కలపాలి. చిక్కగా పోస్తే ఎక్కువ చల్లబరుస్తుందనుకోవడం సరికాదు. ఒక కిలో నీళ్లు మోసే వేడిలో దాదాపు అరవై శాతాన్ని మాత్రమే, కూలంట్‌లో ప్రధానంగా ఉండే గ్లైకాల్ ఒక కిలో మోయగలదు. గ్లైకాల్ చేసే మేలు మరిగే స్థాయిని పెంచడం, గడ్డకట్టకుండా ఆపడం. తుప్పును ఆపేవి దానితో కలిపిన రసాయనాలు.

అనంత వర్క్‌షాప్

గాలి తీసే పద్ధతి ఇది. బండి ముందుభాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలపండి. హీటరును పూర్తి వేడికి తిప్పండి. గాలి తీసే మర ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చే వరకు నెమ్మదిగా పోసి బిగించండి. మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కే లోపు పైహోసును చేత్తో పిసుకుతూ ఉంటే చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి వస్తుంది. మట్టం తగ్గిన కొద్దీ పోస్తూ ఉండండి. కూలంట్ పొంగడానికి ముందే మూత బిగించి, ఫ్యాను ఒకటి రెండుసార్లు తిరిగి ఆగే వరకు నడవనివ్వండి. హీటరు నుంచి న్యూట్రల్‌లో కూడా వేడిగాలి నిలకడగా వస్తే గాలి పోయినట్లే.

తుంగభద్ర తీరం (కర్నూలు)

పని పూర్తయింది. ఈ వేకువన నంద్యాల దారిలో పాణ్యం చేరకముందే ఉష్ణోగ్రత 86కు చేరి, ఆపైన 86కూ 90కీ మధ్య నిలిచింది. అద్దం మీది ఆవిరి చూస్తుండగానే కిందినుంచి పైకి విడిపోయింది. పీ0128 చెరిపేశాక తిరిగి రాలేదు. మధ్యాహ్నం నలుగురితో గువ్వలచెరువు ఘాటు ఎక్కాను. ఇటుకల లారీ ఒకటి ముందుండటం వల్ల దాదాపు ఘాటంతా రెండో గేరులోనే సాగింది. గరిష్ఠంగా 97 చూపింది, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగింది. అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు.

కడప క్యాబ్

ఇటుకల లారీ వెనుక 97 అంటే ఇంజన్ బాగున్నట్లే. నా బండి థర్మోస్టాట్ గూడు కూడా ఈ ఆదివారం విప్పించి చూస్తాను.

అనంత వర్క్‌షాప్

రేపు ఉదయం ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం మరోసారి చూడండి. మిగిలిన కొద్దిపాటి గాలి బయటికి వచ్చి మట్టం ఒక వేలు మేర తగ్గవచ్చు, అదే రకం కూలంట్‌తో నింపండి. ఆ తరువాత కూడా తగ్గుతూంటే మళ్లీ ఒత్తిడి పరీక్ష చేయించండి. తీసిన పాత కూలంట్‌ను కాలువలోనో గేటు ముందో పారబోయనివ్వకండి. అది తియ్యగా ఉండి, విషమని తెలియక కుక్కలు నాకి చనిపోతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయించి షెడ్డులోనే ఉంచమనండి.